అమరన్న వాకిట్లో గుంత

అమరన్న మీద నాకు కోపం తగ్గిపోయిందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల భ్రమ. తగ్గలేదు. ఆయన్ని తలుచుకుంటే జాలేస్తుంది, ఆ వెంటనే ఒళ్లు మండుతుంది. రెండూ నిజమే. ఒకే మనిషి మీద ఆ రెండూ ఒకేసారి ఉండకూడదని ఎక్కడా రాసిపెట్టి లేదు కదా.

నా పేరు పుష్పలీల. ఇంగ్లండ్‌లో బ్రాక్‌నెల్ అనే ఊళ్లో, ఒక జీపీ సర్జరీలో రిసెప్షన్‌లో కూర్చుంటాను; డాక్టరు క్లినిక్‌ను ఇక్కడ సర్జరీ అంటారు. అపాయింట్‌మెంట్ దొరకని వాళ్లందరి తిట్లూ పొద్దున ఎనిమిది గంటల నుంచి తినేది నేనే కాబట్టి, ఇంటికొచ్చేసరికి నా నోరు కూడా కొంచెం పదునుగానే ఉంటుంది. మా ఇంటికి సరిగ్గా ఎదురిల్లు అమరేందర్, కమలాదేవి దంపతులది. పదహారేళ్లుగా ఎదురెదురు. ఆయన్ని అన్నా అంటాను, ఆమెను వదినా అంటాను. చుట్టరికమేమీ లేదు. వాళ్లది జనగామ వైపు, మాది సిద్దిపేట. ఇంత దూరం వచ్చాక ఆ మాత్రం దగ్గరితనం చాలు.

అమరన్న తండ్రి రోడ్ల శాఖలో గ్యాంగ్ కూలీ. ఎర్రటి ఎండలో డ్రమ్ముల్లో తారు కాచి రోడ్లకు అతుకులు వేసిన మనిషి. ఆయన పాదాల నిండా కాలిన మచ్చలే ఉండేవని అన్న చెప్పేవాడు. ఆ తండ్రి కొడుకు వరంగల్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు కాంట్రాక్టర్ల దగ్గర రోడ్లు వేయించాడు. నలభై నాలుగో ఏట ఇంగ్లండ్‌లో రోడ్లు డిజైన్ చేసే ఒక కంపెనీలో ఉద్యోగం సంపాదించుకుని పెళ్లాన్నీ కూతురినీ తీసుకొచ్చాడు. ఇక్కడ ఆయన పని ఏమిటంటే, ఎక్కడైనా రోడ్డు చెడిపోతే వెళ్లి చూసి, ఎందుకు చెడింది, తప్పు ఎవరిది అని రిపోర్టు రాయడం. పద్దెనిమిదేళ్లు అదే రాశాడు. రిటైరై నాలుగేళ్లయింది.

ఉద్యోగం పోయినా ఆ బుద్ధి పోలేదు. ఇంట్లో పాలు పొంగినా, తాళంచెవి కనబడకపోయినా, అన్నం అడుగంటినా ముందు విచారణే. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎన్నిసార్లు చెప్పినా ఎందుకు వినలేదు. ఇంట్లో ఉండేది ఇద్దరే మనుషులు. ఇక తప్పు ఎవరిదని తేలుతుందో నేను చెప్పనక్కర్లేదు.

అట్లాగని చెడ్డవాడా అంటే కాదు. మా ఆయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రోజులు నన్ను తన కారులో హాస్పిటల్‌కి తిప్పింది ఆయనే. చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలకు ఫ్లాట్లు దొరక్కపోతే వాళ్ల తరఫున ఏజెంట్లతో పోట్లాడిందీ ఆయనే. వీధిలో ఎవరికి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చినా కళ్లజోడు సర్దుకుని చదివిపెట్టేవాడు. బయటివాళ్ల దగ్గర ఎంత మెత్తని మాటో! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈయన నోరు ఊరందరికీ మంచిదే, ఇంటి గడప లోపలే మారేది.

కమల వదినకు ఒక అలవాటు ఉంది. పొద్దున లేవగానే వాకిలి ఊడ్చి సాన్పు, అదే కళ్లాపి, చల్లాలి. ఇక్కడ పేడ ఎక్కడిది? ఇత్తడి చెంబులో నీళ్లు, అందులో చిటికెడు పసుపు. గడప ముందు నాలుగు చుక్కలు చల్లి, ముగ్గుపిండితో అరచేతంత ముగ్గు పెడుతుంది. ఆ వాకిలి మట్టిది కాదు, కారు నిలిపే తారు డ్రైవ్‌వే. వేసిన ముగ్గు అరగంటలో వానకు కొట్టుకుపోయినా మర్నాడు మళ్లీ వేస్తుంది. మంచు పడే రోజుల్లో నీళ్లలో వేళ్లు ముంచి విదిలించి ఊరుకునేది. పక్కింటి ఇంగ్లీషు ముసలాయన ఒకసారి ఆ ముగ్గుపిండి చూసి ఎలకల మందేమో అనుకుని భయపడ్డాడు కూడా.

"కమలా, తారు మీద నీళ్లేంది? తారుకు నీళ్లే శత్రువు. ముప్పై ఎనిమిదేండ్లు ఇదే పని జేసిన, నాకు తెల్వదా?" అనేవాడు అన్న.

"శత్రువైతే ముందు వానను ఆపుండ్రి. తర్వాత నా చెంబు సంగతి జూద్దాం" అనేది వదిన.

అప్పుడు ఇద్దరూ నవ్వుకునేవాళ్లే. మూడేళ్ల కింద ఆ డ్రైవ్‌వేలో, గడప దిగి గేటు వైపు నడిచే దారిలో, అరచేతి పాటి చోట కంకర లేచింది. మరుసటి చలికాలానికి అది పళ్లెమంత గుంత అయింది. ఇక అన్నకు సాక్ష్యం దొరికింది. ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు విడవకముందే చూపించేవాడు. "ఇగో, ఇది మా కమల తవ్విన బాయి. రోజుకో చెంబు పోసి తవ్వింది" అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. వదిన కూడా నవ్వేది. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి.

మరి రోడ్ల ఇంజనీరు ఇంటి ముందు గుంత మూడేళ్లు ఎందుకుంది? దీపం కింద చీకటి అంటారు గాని నాకు అది కాదనిపిస్తుంది. రెండు గంటల పని అది. ఆయన కావాలనే ఉంచుకున్నాడు. పూడిస్తే వాదనలో ఆయన చేతిలో ఏముంటుంది?

మొన్న జనవరిలో, బుధవారం పొద్దున, వదిన పడిపోయింది. బుధవారం నాకు సెలవు. టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను కాబట్టి మొదటినుంచీ చూశాను. తలుపు తీసుకుని చెంబుతో బయటికి వచ్చింది. ఇంకా చల్లలేదు, చెంబు నిండుగా ఉంది. రాత్రి వాన నీళ్లు గుంతలో నిలిచి, పైన అప్పడమంత పలచగా మంచు కట్టి ఉంది. ఆమె కాలు దాని మీద పడింది. జారి పక్కకు ఒరిగి కూలిపోయింది. చెంబు దొర్లి నీళ్లన్నీ ఆమె చుట్టూ పారాయి.

నేను నైటీ మీదే పరుగెత్తాను. నేను రోడ్డు దాటేలోపే అన్న తలుపులోకి వచ్చాడు. వదిన తడి తారు మీద పడి ఉంది. కాలు వంకరగా తిరిగి ఉంది. ఆయన ఆమెను చూశాడు, నీళ్లను చూశాడు.

"వంద సార్లు చెప్పిన! విన్నవా? పొయ్యకు, పొయ్యకు అంటే విన్నవా? నీ చేతులార నువ్వే జేసుకున్నవ్" అన్నాడు.

ఓరి దేవుడా, మొదటి మాట అది. తుంటి ఎముక విరిగి నేల మీద పడి ఉన్న మనిషి, నొప్పితో పెదవులు తెల్లబడిపోయిన మనిషి, "తప్పయిందండి" అంది. నా చెవులతో విన్నాను.

"అన్నా, ఆమె ఇంక నీళ్లు చల్లనే లే! చెంబు నిండుగ ఉండె, నేను జూసిన" అని అరిచాను.

"అయితే నిన్న చల్లినయ్ గడ్డకట్టి ఉంటయ్" అన్నాడు.

అంబులెన్స్ రావడానికి యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలూ ఆయన ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తెచ్చి ఆమెకు కప్పి, తను చొక్కా మీదే నేల మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అదీ చూశాను. భార్య మీద ప్రేమ లేని మనిషి అట్లా ఏడవడు. కానీ ప్రేమ ఉన్నంత మాత్రాన అన్న మాట వెనక్కి రాదు.

ఆపరేషన్ బాగానే అయింది. మూడు వారాల తర్వాత వేరే ఊళ్లో ఉన్న ఒక చిన్న హాస్పిటల్‌కి, నడక నేర్పించే వార్డుకి మార్చారు. రోజూ ఎవరో ఒకరు చూడటానికి వచ్చేవాళ్లు. వచ్చిన ప్రతివాళ్లకూ అన్న మంచం పక్కన నిలబడి కథ చెప్పేవాడు. నీళ్లు, తారు, మంచు, వినని భార్య. ఎవరు ఎట్లా జరిగిందని అడిగినా ఆమెను చెప్పనిచ్చేవాడు కాదు. వదిన దుప్పటి అంచు మడతపెడుతూ వింటూ ఉండేది. ఇప్పుడు నవ్వడం లేదని నేను గమనించాను. గమనించి కూడా ఆయన నోరు మూయించలేదు. సర్జరీలో ముక్కూ మొహం తెలియనివాళ్ల మీద అరిచే నేను అక్కడ నోట్లో నాలుక లేనిదానిలా కూర్చున్నాను. ఆ తప్పు నాది.

ఫిబ్రవరిలో హాస్పిటల్ నుంచి థెరపిస్ట్ ఒకామె ఇల్లు చూడటానికి వచ్చింది. బాత్రూంలో పట్టుకునే కడ్డీలు పెట్టాలని, మంచం మేడ మీది నుంచి కింది గదిలోకి మార్చాలని చెప్పింది. బయటికొచ్చి గుంత దగ్గర ఆగింది. నాలుగు కాళ్ల ఫ్రేమ్ పట్టుకుని నడిచే మనిషికి ఇది చాలా ప్రమాదమని, ఇది బాగైతేనే ఇంటికి పంపుతామని చెప్పింది. పది రోజులు గడువు పెట్టింది.

"పది రోజులెందుకు? ఒక్క పూట పని" అన్నాడు అన్న. పనివాణ్ని పిలువమని కూతురు మధులిక బర్మింగ్‌హామ్ నుంచి ఫోన్‌లో మొత్తుకుంది. మధులిక అక్కడ ఒక యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తుంది. ఆయన వినలేదు. తన భార్య నడిచే దారి తనే వేస్తానన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూస్తే నాకు మనసు కరిగింది. కమల వదిన ఇంటికి రావాలి, అంతే, ఆయనకు లోకంలో ఇంకో కోరిక లేదు.

వాన లేని రోజు కోసం నాలుగు రోజులు చూశాడు. మళ్లీ బుధవారమే దొరికింది. పాత ప్యాంటు వేసుకుని, మోకాళ్ల కింద దిండు వేసుకుని, ఉలీ సుత్తీ చీపురూ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వేడి చేయనక్కర్లేని తారు కంకర సంచుల్లో దొరుకుతుంది ఇక్కడ. రెండు సంచులు తెప్పించాడు. దిమ్మిస కొట్టడానికి ఒక ఇనుప పలక కూడా. నేను టీ పట్టుకెళ్లాను.

"గుంతను ఉన్నదున్నట్టు నింపితే వారం రోజులల్ల లేస్తది, చెల్లే. ముందు చుట్టు చెడిపోయిందంత కొట్టేయాలె. అంచులు నిలువుగ, చతురస్రంగ కొయ్యాలె. గట్టి తారు తగిలేదాక పోవాలె. మా నాయిన చెప్పేటోడు, చెడ్డది లోపల ఉంచి మీద మంచిది పోస్తె అది గూడ చెడిపోతదని" అన్నాడు.

నాకు అప్పుడు ఉండబట్టలేదు. "అన్నా, మా అమ్మ గూడ ఒకటి చెప్పేది. కాలు జారితే తీసుకోవచ్చు గని నోరు జారితే తీసుకోలేమని. ఆ రోజు వదిన కాలు జారింది. నీ నోరు జారింది. తెలుస్తున్నదా నీకు?" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "కోపంల అనేసిన. నిజమే గదా మల్ల. నీళ్లతోని గాకపోతే దేనితోని అయింది?" అని ఉలి మీద సుత్తి దెబ్బ వేశాడు.

అంచు ముక్క ఊడి రాలేదు. ఉలి లోపలికి దిగబడిపోయింది. ఆయన మళ్లీ కొట్టాడు. మళ్లీ దిగబడింది. చేత్తో ఒక ముక్క లాగి తీశాడు. పాతబడ్డ బెల్లంలా మెత్తగా ఉంది. వేళ్ల మధ్య నలిపాడు, నల్లగా అంటుకుంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇటు రా చెల్లే. వాసన జూడు."

చూశాను. డీజిల్.

ఆయన ఇంకో ముక్క లాగి అదీ వాసన చూశాడు. తర్వాత, ఎవరికో పాఠం చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "నీళ్లతోని చెడిపోతే తారు పెళుసైతది. ఇట్ల మెత్తగ గాదు. డీజిలే తారును కరిగిస్తది. కొత్తగ చదువుకునే పోరగాండ్లకు గూడ తెలుసు ఇది. మా పాత కారు, పుష్పా. పదకొండేండ్లు సరిగ్గ ఈడనే పెట్టిన."

చూపు తగ్గి ఆ కారును రెండేళ్ల కింద అమ్మేశాడు. నాకు ఆ కారు బాగా తెలుసు. అది నిలబెట్టిన చోట ఏదో కారుతోందని వదిన దాని కింద కేకు కాల్చే పాత రేకు పళ్లెం పెట్టేది. ఆయన కాలితో నెట్టేసేవాడు. వాసన వస్తోందండి, ఒకసారి గ్యారేజీలో చూపించండి అని ఆమె అంటే, "డీజిల్ కారుకు డీజిల్ వాసన రాక మల్లెపూల వాసన వస్తదా? అది వాననీళ్లు" అనేవాడు. లోపల ఏదో సన్నటి గొట్టం చిట్లి, చుక్క చుక్కగా ఏళ్ల తరబడి కారింది. తారు కింది నుంచి మెత్తబడింది. కంకర లేచింది. నీళ్లు నిలిచాయి. మంచు కట్టింది. ఆమె పడింది.

అబద్ధమెందుకు, మొదట నాకు సంతోషమే వేసింది. బాగా అయింది నీకు అనుకున్నాను. మూడేళ్లుగా ఇంటి ముందు కోర్టు పెట్టిన మనిషికి ఇవాళ బోను దొరికింది అనుకున్నాను. తర్వాత ఆయన మొహం చూశాను. ఛీ, ఏం మనిషిని నేను అనిపించింది. నల్లటి చేతులు ఒళ్లో పెట్టుకుని, అరవై ఆరేళ్ల మనిషి, దెబ్బలు తిన్న పిల్లవాడిలా కూర్చున్నాడు.

"మూడేండ్లు అందరికి చూపించిన" అన్నాడు. "వచ్చినోళ్లందరికి చూపించిన, చెల్లే."

ఆ గుంతను అక్కడికక్కడే పూడ్చేస్తే నేను తప్ప ఎవరికీ తెలియదు. ఆయన పూడ్చలేదు. డీజిల్ తడి పోయేదాకా తవ్వుతూ పోయాడు. పళ్లెమంత గుంత అనుకున్నది చాపంత అయింది. రెండు సంచులు చాల్లేదు, మా ఆయన కారేసుకుని వెళ్లి ఇంకో నాలుగు తెచ్చాడు. అడుగు ఊడ్చి, అంచులకు తారు పూత పూసి, కంకరను పొరలు పొరలుగా పోసి, ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ మూలిగాడు. మా ఆయన సాయం చేయబోతే వద్దన్నాడు. మూడు గంటలకల్లా అయిపోయింది. చెయ్యి పెట్టి చూస్తే పాతదానికీ కొత్తదానికీ మధ్య అంచు తగల్లేదు. ఎంత గొప్ప పని!

"కమలకు చెప్పాలె. ఇయ్యాలనే చెప్పాలె. తీస్కపోతవా?" అన్నాడు. చేతులు కిరోసిన్ పెట్టి కడుక్కున్నా నలుపు పూర్తిగా పోలేదు. అట్లాగే కారెక్కాడు.

వార్డు బయట కారిడార్‌లో మధులిక ఎదురొచ్చింది. సెలవు పెట్టి వచ్చినట్టుంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాన్నా, ఒక్క నిమిషం ఆగు. అమ్మ మనింటికి రానంటున్నది. నాతోని బర్మింగ్‌హామ్ వస్తదంట. నర్సుకు గూడ చెప్పేసింది" అంది.

అన్నకు అర్థం కాలేదు. "ఎందుకు? దారి మంచిగ జేసిన గదా. ఫ్రేమ్ తోని నడవొచ్చు. గుంత లేదిప్పుడు" అన్నాడు.

మధులిక పక్కకు తప్పుకుంది.

వదిన మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చిక్కిపోయింది. అన్న కుర్చీ ముందు నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా మొత్తం చెప్పాడు. ఉలి దిగబడటం, మెత్తటి తారు, డీజిల్ వాసన, పాత కారు, రేకు పళ్లెం. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించి చెప్పలేదు. చివర్లో, "నీ నీళ్లు ఏం జేయలే కమలా. నేను జేసిన. తప్పయింది" అన్నాడు.

వదిన చాలాసేపు ఆయన చేతుల వైపు చూసింది.

"నిజంగ డీజిలేనా?" అని అడిగింది.

"నిజం."

"అందరు నవ్వుతుంటే నేను గూడ నవ్వితి గదండి" అంది. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఆమెను పదహారేళ్లలో అట్లా ఏడవగా చూడలేదు. మధులిక వచ్చి భుజం పట్టుకుంది. అన్న ఏం చెయ్యాలో తెలియక ఆమె నీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చాడు.

కాస్త తేరుకున్నాక, "ఇంటికి రావా మల్ల?" అని అడిగాడు.

"పడుతనని భయం లేదండి నాకు. పడ్డంక మీరనే మాటకు భయం. విరిగిన బొక్కను డాక్టర్లు అతికిచ్చిండ్రు. ఆ పొద్దు నేను కింద పడి మీరొస్తున్నరని జూస్తే, మీ మొకంల నాకు కోపమే కనబడ్డది. కాలు నొస్తుందని చెప్పెతందుకు గూడ భయమైంది నాకు. మళ్ల పడ్డననుకోండ్రి, మళ్ల గదే జూడాలె గదా" అంది. కోపంగా అనలేదు. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

అన్న ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చోబోయాడు. పొద్దంతా నేల మీద ఉన్న మోకాళ్లు కదా, సరిగా వంగలేదు. నేను పట్టుకున్నాను. "ఇంక ఎప్పుడు అన కమలా. ఒట్టు. నువ్వు లేకుంటే నేను ఆ ఇంట్ల ఏం జెయ్యాలె చెప్పు" అన్నాడు.

"అయ్యో, గట్లనకుండ్రి, లేవుండ్రి, అందరు జూస్తున్నరు" అంది వదిన. ఆ మాటతో ఆమె మెత్తబడిందని నాకు అర్థమైంది. చివరికి, "ఒక నెల బిడ్డ దగ్గర ఉండొస్త. నడక జర మంచిగైనంక వస్త" అంది. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. అన్న కారులో ఇంటిదాకా ఆ నెల ఎన్ని రోజులో లెక్క వేసుకుంటూ వచ్చాడు.

ఆ నెల రోజులూ ఆయన్ని చూస్తే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చేవి. బాత్రూంలో కడ్డీలు పెట్టించాడు. మంచం కిందికి దింపించాడు. రోజూ పొద్దున డ్రైవ్‌వే ఊడ్చి, అతుకు మీద బరువుగా నడిచి చూసుకునేవాడు. మా ఇంటికొచ్చి పప్పు వండటం నేర్చుకున్నాడు. మొదటి రోజు పప్పు మాడింది. నేను తిట్టబోయేలోపు నవ్వి, "నేనే మాడవెట్టిన, రాస్కో" అన్నాడు. ఒక్కొక్కసారి ఫోన్‌లో వదినతో మాట్లాడుతూ పాత గొంతు లేవబోయేది, ఠక్కున ఆపుకునేవాడు. గొంతు అణుచుకుని మళ్లీ మొదలుపెట్టడం నేను విన్నాను. అరవై ఆరేళ్ల వయసులో ఒక మనిషి అట్లా మారడానికి కష్టపడటం చూసినవాళ్లెవరికైనా నమ్మకం కలుగుతుంది. నాకు కలిగింది.

మార్చి చివర్లో శనివారానికి వదిన రావడం ఖాయమైంది. బర్మింగ్‌హామ్ వెళ్లి తీసుకురావడానికి నేను సర్జరీ డ్యూటీ పట్టికలో సెలవు కూడా మార్చుకున్నాను. దానికి ముందు ఆదివారం, పదకొండు గంటలప్పుడు, నేను వాళ్ల వంటింట్లో ఆయనకు చారు పోపు ఎట్లా పెట్టాలో చూపిస్తున్నాను. మధులిక కూతురు సంజన వీడియో కాల్ చేసింది. ఏడేళ్ల పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులోనే.

"అమ్మమ్మ ఏం జేస్తున్నది బిడ్డా?" అని అడిగాడు అన్న.

"షీ ఈజ్ లయింగ్ డౌన్. షీ ఫెల్ ఇన్ ద బాత్రూమ్, తాతా. ఎస్టర్‌డే" అంది. అని వెంటనే చేత్తో నోరు మూసుకుంది. "ఐ వాజ్‌న్ట్ సపోజ్డ్ టు టెల్ యూ. అమ్మమ్మ మేడ్ ఎవ్రీవన్ ప్రామిస్." నిన్న బాత్రూంలో పడిందట, ఆ సంగతి తాతకు చెప్పొద్దని అమ్మమ్మ అందరి దగ్గరా మాట తీసుకుందట.

అన్న చేతిలో గరిట ఆగిపోయింది. నేను స్టవ్ ఆర్పేశాను. అవతల మధులిక గొంతు వినిపించింది, "దెబ్బేం లేదు నాన్నా, ఉత్తగ నడుము పట్టేసింది, డాక్టర్ గూడ చూసిండు" అని. "అమ్మకియ్యి" అన్నాడు అన్న. ఫోన్ గదులు దాటి వెళ్లింది. గోడలు, తలుపు, దుప్పటి కనిపించాయి. తర్వాత వదిన మొహం.

ఆయన నోరు తెరిచాడు. ఆమె ఆయన్ని మాట్లాడనివ్వలేదు.

"నాదే తప్పండి. నేల తడిగ ఉండె, నేనే జూస్కోలే. చెప్పులు గూడ పాతయి వేసుకున్న. పిల్లల తప్పేం లేదు, నాదే. కోపం జెయ్యకుండ్రి" అంది. ఊపిరి తీసుకోకుండా అంది.

"కమలా, నొస్తున్నదా?"

"ఇంకోసారి జూస్కొని నడుస్త. మీరు చెప్పినట్టె ఫ్రేమ్ పట్టుకునే నడుస్త. నిన్న ఒక్క పారి పట్టుకోలే, నాదే తప్పు."

"నేనేమంట లేను కమలా. నొస్తున్నదా అని అడుగుతున్న."

"కోపం జెయ్యకుండ్రి" అంది వదిన మళ్లీ.

ఆయన మూడోసారి అడిగాడు. ఫోన్‌లో ఆమె మొహం చూశాను. ఆయన పెదవులను చూస్తోంది. తిట్టు ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తోంది. అన్న అడుగుతూనే ఉన్నాడు, ఆమె తప్పు ఒప్పుకుంటూనే ఉంది.